ఉలవలు పప్పు కావా?

కూపన్ పట్టుకున్న మనిషి వెనక లైన్లో నిలబడి నిట్టూర్చేది మీరే. కాదనకండి. ఈ సాయంత్రం మా హిందీ ఊళ్లో, తెలిపారా బజారు సూపర్‌మార్కెట్లో మీలాంటి ఒకాయన నిట్టూర్పు నా మెడకు వెచ్చగా తగిలింది.

బిల్లు కౌంటరు దగ్గర నా ముందు మా వీధి సూరమ్మ పిన్ని ఉంది. బాబాయి పోయాక వచ్చే రైల్వే పెన్షన్‌తోనే ఇల్లు నడుపుతుంది, నడుపుతూ రుచిగా వండుకుంటుంది. ఏ పప్పయినా ఒక ప్యాకెట్ కొంటే ఇంకొకటి ఉచితమన్న కూపన్ పేపర్లోంచి కత్తిరించి తెచ్చి, రెండు ఉలవల ప్యాకెట్లు ముందు పెట్టింది. "ఇది పప్పులకే ఆంటీ" అంటూ కౌంటర్లో అమ్మాయి కూపన్ తిరిగి ఇచ్చేసింది.

నా వెనకాయన అందుకున్నాడు. "ఉలవలు పప్పేంటమ్మా? గుర్రాల దాణా. దీనికోసం మమ్మల్నందర్నీ ఆపుతారా?"

పిన్ని తిరిగి చూసింది. "అచ్ఛా, దాణాయేనేటి? నాను కళ్లద్దాలు తేనేదు బాబూ, ఈ పేకెట్టు మీద ఏటి రాసుందో సూసి సెప్పు."

ఆయన హిందీలో ఉన్నది చదివాడు. "కుల్థీ దాల్."

"దాలంటే ఏటి?"

"పప్పు" అన్నాడు, గొంతు తగ్గించి.

అమ్మాయి ఒక ప్యాకెట్‌కే బిల్లు వేసి రెండూ సంచిలో పెట్టింది. పిన్ని పోతూ ఆయనతో అంది: "ఉలవసారు కాస్తాను. దాణాకి రా బాబూ."

తక్కువ ఖర్చుతో బతికేవాళ్లు రుచి కూడా తగ్గించుకోవాలని ఎవరు తీర్మానించారు? నా డిమాండ్లు ఇవీ:

ఉలవల్ని పప్పని ఒప్పుకోండి.
కూపన్ మీద రాసిన మాటకు కట్టుబడండి.
లైన్లో నిట్టూర్చకండి.
ఒప్పుకోనివాళ్లు కింద కామెంట్లలో వాదించండి, ఉలవచారు మాత్రం అడగొద్దు.