బొటనవేలి కింద పగులు

కొత్తపేటలో మేం అద్దెకున్న ఇంటి మెట్ల కింద చిన్న లేత్ మిషను పెట్టుకుని, బ్యాంకు నుంచి వచ్చాక కర్రతో పెన్నులు చేసేవాణ్ణి. పిచ్చి అంటే పిచ్చే. దూరదేశాల కర్ర ముక్కలు తెప్పించుకుని, కన్నపిల్లల కంటే జాగ్రత్తగా చూసుకుంటానని మా ఆవిడ దెప్పేది. వాటిలో ఆఫ్రికా నుంచి వచ్చే ఎబొనీ అనే నల్లకర్ర మహా పొగరుబోతు. రాయిలా గట్టిగా ఉంటుంది గానీ వేడి తగిలితే బీటలిస్తుంది. బెజ్జం వేసేటప్పుడు డ్రిల్లు కాస్త దింపి, బయటికి తీసి, పొట్టు దులిపి, చల్లారాక మళ్లీ దింపాలి. ఆ తర్వాత ముక్కని ఓ రోజు అలా వదిలేసి, అప్పుడు లోపల ఇత్తడి గొట్టం అతికించాలి. ఉప్పుకాగితం పట్టేటప్పుడు వేలికి వెచ్చగా తగిలినా మిషను ఆపెయ్యాలి. ఇదంతా అడిగినవాడికీ అడగనివాడికీ పాఠంలా ఒప్పజెప్పేవాణ్ణి.

కింది వాటాలో ఇంటి ఓనరు ఆవిడ ఉండేది. నల్గొండ వైపు మనిషి, ఎల్బీనగర్‌లో ఓ బడికి హెడ్మిస్ట్రెస్. మాది గుంటూరు వైపు. తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద ఊరేగింపో, ధర్నానో, బందో ఉండనే ఉండేది. ఆవిడ తోటి టీచర్లతో వెళ్లి టెంటు కింద కూర్చునేది. ఇంటికొచ్చి మా పిల్లలకి లెక్కలు చెప్పేది. ఆ గొడవ నాతో ఎప్పుడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ మేం పరాయివాళ్లమని ఈవిడ కూడా అనుకుంటుందేమోనని నాకు లోపల గుబులుగా ఉండేది.

రిటైరవబోతూ ఓ రోజు నన్ను పిలిచింది. "తమ్ముడూ, ఆఖరి దినం రిజిస్టర్ల సంతకం నీ పెన్నుతోనే పెడ్త. మంచి నల్లది జేసియ్యి. గట్టిగుండాలె."

"నా పెన్ను పగిలిందన్న మాట ఇంతవరకూ లేదక్కా," అన్నాను. కోతలు కొయ్యడంలో నేనెప్పుడూ వెనకపడలేదు.

మంచి ముక్క ఎంచడంలోనే రోజులు గడిపేశాను. తీరా మొదలుపెడదామంటే కరెంటు లేదు. ఆ రోజుల్లో కరెంటొచ్చిందంటే మా వీధంతా ఒక్కసారి ఉలిక్కిపడి లేచేది. మోటారు, మిక్సీ, గ్రైండరు, ఇస్త్రీపెట్టె, అన్నీ కరెంటు మళ్లీ పోయేలోగా అయిపోవాలి. అది మా అందరికీ ఒంటికి పట్టిన అలవాటు. బడిలో ఆవిడ వీడ్కోలు సభకి ముందు రోజు సాయంత్రం కరెంటొచ్చింది. "మోటారు వేస్తున్నానండీ, మీ పనేదో మీరూ కానివ్వండి!" అని మా ఆవిడ పైనుంచి కేకేసింది. నేనూ ఇడ్లీపిండి రుబ్బేసుకున్నట్టే ఆ నల్లకర్ర మీద పడ్డాను. డ్రిల్లు ఒకే ఊపులో దింపేశాను. కాలిన వాసనొచ్చింది, ఆపలేదు. ముక్క చల్లారకుండానే గొట్టం అతికించి, చెక్కేసి, ఉప్పుకాగితం పట్టాను. వేలు చురుక్కుమంది. ఇంకాస్తే కదా అనుకున్నాను. పాలిష్ అయ్యేసరికి పెన్ను నల్లద్రాక్షలా మెరిసింది. వెంటనే కరెంటు పోయింది. గెలిచానని సంబరపడ్డాను.

మర్నాడు బడిలో సభ. నేను ముందు వరసలో కూర్చున్నాను. ఆవిడ సంతకం పెట్టి పెన్ను మూయబోతుంటే పక్కనున్న టీచరు నా వైపు చూసి నవ్వుతూ అన్నాడు: "మేడం, ఆంధ్రోళ్ల పెన్ను! ఎన్ని దినాలుంటదో ఏమో?"

అందరూ నవ్వారు. అప్పుడే నాకు కనిపించింది, పెన్ను నడుము మీద నిలువుగా తెరుచుకున్న పగులు. ఆవిడా చూసింది. ఆవిడ బొటనవేలు మెల్లగా జరిగి దాన్ని కప్పేసింది.

"మా తమ్ముడు జేసిండు. గింత పగులు గూడ లేదు, సూస్కోండ్రి!" అని పెన్ను పైకెత్తి చూపించింది. చప్పట్లు కొట్టారు. ఆ టీచరు చూస్తానని చెయ్యి చాపితే, "ఎవ్వరికియ్య, నాది" అని సంచిలో వేసేసుకుంది.

నా చెవులు కాలిపోయాయి. తలెత్తలేకపోయాను. పిల్లలు అబద్ధమాడితే గోడకుర్చీ వేయించే మనిషి, తన ఆఖరి రోజున, అంతమంది ముందు నా పరువు కోసం అబద్ధమాడింది. ఆ పగులు అందరికీ కనబడినా నాకింత సిగ్గేసేది కాదేమో.

ఆ తర్వాత ఆవిడ తలుపు మూసి ఉన్నప్పుడే మెట్లెక్కేవాణ్ణి. మెట్ల కింద మరో ముక్క బిగించాను. కాస్త దింపడం, తియ్యడం, ఆగడం. మధ్యలో కరెంటు పోతే చేతులు కట్టుకుని కూర్చున్నాను. వచ్చినా ముక్క చల్లగా ఉంటేనే ముట్టుకున్నాను. "మోటారు వేసేశానండీ" అని మా ఆవిడ అరిచినా కదల్లేదు. పెన్ను పూర్తయ్యాక కూడా కొన్నాళ్లు కిటికీలో ఉంచి చూసుకుని, అప్పుడు తీసుకెళ్లాను.

"అక్కా, అది నాకిచ్చెయ్యండి. ఇది తీసుకోండి."

ఆవిడ పాతది తెచ్చి నా చేతిలో పెట్టింది. కొత్తదాన్ని వెలుతురుకి పట్టి ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది.

"ఇగ నేను జెప్పింది అబద్ధం గాదు, తమ్ముడూ" అంది.

అని, సంతకానికి పట్టుకున్నట్టు పెన్ను పట్టుకుంది. ఆవిడ బొటనవేలు తనంతట తనే జరిగి, పాతదాని మీద పగులున్న చోటే ఆగింది. నేను తల దించుకున్నాను.