రేడియేటర్లో ఆవపిండి

కారు ప్రాణం పోయేటప్పుడు ఆవకాయ వాసన వేస్తుందని మీలో ఎంతమందికి తెలుసు? నాకు తెలుసు. దాన్ని చంపింది నేనే. పట్టపగలు, నడిరోడ్డు మీద, నిండు మామిడికాయల కాలంలో చంపాను. అరవై ఏళ్లు కావస్తున్నా ఆ కథ చెప్పి నలుగురినీ నవ్వించడం నాకలవాటు. చివరికొచ్చేసరికి మాత్రం నవ్వేవాళ్లలో నేనుండను.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. నూజివీడులో మా నాన్నగారిది మామిడికాయల కొట్టు. బుట్టల అడుగున పరచడానికి బెజవాడ నుంచి పాతకాగితాలు తూకానికి తెప్పించేవాళ్లం. వాటిల్లో ఇంగ్లీషు మోటారు పత్రికలు తగిలేవి. నా విజ్ఞానమంతా అక్కడిదే. పేజీలో సగం నా బుర్రలోకి, మిగతా సగం చిన్నరసాల కిందికి వెళ్లేది.

చదివింది సగమైనా చెప్పడం మాత్రం పూర్తిగా చెప్పేవాణ్ణి. ఆ రోజుల్లో మన దేశంలో తయారయ్యే కార్లు ముఖ్యంగా మూడే. మేం వాటిని ఊరి పేర్లతోనే పిలిచేవాళ్లం.

"కలకత్తా కారు మంచిదా అండీ, బొంబాయి కారు మంచిదా?" అని హోటల్లో ఎవరైనా అడిగారంటే అయిపోయారన్నమాటే.

"బొంబాయి కారుది ఇటలీ పుట్టుకండీ. వెయ్యిన్నీ ఎనభై తొమ్మిది సీసీ. మహా చురుకు. కలకత్తా కారుది ఇంగ్లండు పుట్టుక. ఈమధ్యనే సైడ్ వాల్వులు మానేసి ఓవర్‌హెడ్ వాల్వులకి మారింది. ఎడ్లబండి బాటలో కూడా ఏడుగుర్ని మోస్తుంది. మద్రాసు కారంటారా, పొట్టిది, పెట్రోలు తక్కువ తాగుతుంది."

"తమరు ఏ కారు తోల్తారండీ?"

"నాకు తోలడం రాదండి."

కాయలు కొనడానికొచ్చే పైఊరి షావుకార్లని తోటలకి తిప్పే అద్దెకారు వీరయ్య బాబాయ్‌ది. బాబాయ్ అంటే చుట్టరికం కాదు, చిన్నప్పట్నుంచీ పిలుపు. యుద్ధానికి ముందు ఇంగ్లండులో పుట్టిన ఆ కారు నలుగురి చేతులూ మారి అతని దగ్గరకొచ్చింది. కొన్నప్పుడు తక్కువ పడితే వాళ్లమ్మ మంగమ్మ మెడలో గొలుసు తీసిచ్చింది. నలభై ఏళ్లు తోటల్లో కాయలేరి, బుట్టలు మోసి చేయించుకున్న ఒకే ఒక్క గొలుసు. అంతా చేసి నాలుగేళ్లయినా ఆవిడ ఆ కారెక్కలేదు. వేసవిలో షావుకార్ల బేరాలు, తరవాత పెళ్లిళ్లు, ఆస్పత్రి కేసులు. "రేపెక్కుదువులే అమ్మా" అనేవాడు వీరయ్య. ఆ వేసవిలో మంగమ్మ మామ్మకి ఆయాసం ముదిరింది. డాక్టరు వీరయ్యని పక్కకి పిలిచి ఏదో చెప్పాడు. మర్నాడు వీరయ్య ఒక్క బేరం కూడా ఒప్పుకోలేదు.

"ఎక్కడికి తీసుకెళ్లమంటావమ్మా?"

"మైలవరం రోడ్డులో నేను పనిచేసిన తోటకి తీసుకెళ్లరా. కారెక్కితే చెట్లు వెనక్కి పరిగెడతాయంట గదా. ఒకసారి చూస్తాను."

సలహాదారు హోదాలో నేనూ బయల్దేరాను. ఎవరూ పిలవలేదు, అది వేరే సంగతి.

ఆ కారుకున్న జబ్బు ఒక్కటే. రేడియేటర్ బొట్టుబొట్టుగా కారేది. వీరయ్య కిరసనాయిలు డబ్బాతో నీళ్లు పెట్టుకుని అయిదారు మైళ్లకోసారి పోసేవాడు. నాలుగేళ్లుగా అలాగే నడుస్తోంది. "దానికి దప్పికెక్కువండి, అంతే" అనేవాడు. హాయిగా ఉన్న సంసారం. నాకే తోచక చచ్చింది.

"రేడియేటర్లో ఆవపిండి వెయ్యి బాబాయ్. నీళ్లలో ఉబ్బి చిల్లు పూడ్చేస్తుంది."

"ఎవరు చెప్పారండీ?"

"ఇంగ్లండు పత్రికలో రాశారు."

"ఇంగ్లండు వాళ్లు ఆవకాయ పెడతారా అండీ?"

ఆ ప్రశ్నలో ఉన్న ఇంగితం నా మొత్తం విజ్ఞానంలో లేదని ఇప్పుడు తెలుస్తోంది. ఆవపిండి మాట పత్రికలో ఉన్నది నిజమే. ఎంత వెయ్యాలో చెప్పే ముక్క మాత్రం చిరిగిపోయి, ఏ బుట్ట అడుగునో ఊరు దాటి వెళ్లిపోయింది. ఆ రోజు మా ఇంట్లో ఆవకాయ పెడుతున్నారు. తాజాగా కొట్టిన ఆవపిండి పళ్లెంలో కొండలా ఉంది. అమ్మ అటు తిరగ్గానే తవ్వెడు పట్టుకొచ్చేశాను.

"ఎంత వెయ్యమంటారండీ?" అన్నాడు వీరయ్య.

"నాలుగు సిలిండర్ల ఇంజను. సిలిండరుకి రెండు గుప్పిళ్లు."

లెక్క ఎంత శాస్త్రీయంగా ఉందో చూడండి.

ఉన్నమాట చెప్పుకోవాలి, కారడం ఆగిపోయింది. ఒక్క బొట్టు కింద పడలేదు. అసలు నీళ్లు కదలడమే మానేశాయి. ఆ పాత ఇంజన్లకి నీటి పంపు ఉండదు. వేడెక్కిన నీళ్లు వాటంతటవే పైకెళ్లి, రేడియేటర్లో చల్లారి, మళ్లీ కిందికొస్తాయి. ఈ సంగతి దారిలో వీరయ్యకి వివరంగా బోధించింది కూడా నేనే. నీళ్లు తిరుగుతాయి గానీ గుజ్జు తిరగదని మాత్రం నాకు తట్టలేదు.

మైలు దాటేసరికి వెనకసీట్లోంచి మామ్మ అంది. "ఎవరింట్లోనో ఆవకాయ కలుపుతున్నార్రా."

ఇంకో మైలు వెళ్లాక రేడియేటర్ మూత ఎగిరిపోయింది. పసుపుపచ్చటి నురగ అద్దం నిండా పడింది. ఇంజను కిర్రుమని ఆగింది. చల్లారాక వీరయ్య ముందువైపు హాండిల్ పెట్టి ఇంజను తిప్పబోతే వీసమెత్తు కదల్లేదు.

"పిస్టన్లు పట్టేసినట్టున్నాయి బాబాయ్" అన్నాను. అక్కడ కూడా తెలిసింది చెప్పకుండా ఉండలేకపోయాను.

"ఊఁ" అన్నాడు. అంతే. పైపంచెతో బానెట్ తుడవడం మొదలెట్టాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను వేసిన మందుకి మొత్తం నోరే పోయింది. నన్ను ఒక్క మాట అంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంది.

"ఆగిందేంట్రా?" అంది మామ్మ.

"కాస్త చల్లారాలమ్మా."

ఆవిడ కొడుకు మొహం చూసింది. నా చొక్కా మీది పసుపు మరకలు చూసింది. అర్థమైపోయింది. "చల్లారనీ. నేను మాత్రం దిగను" అంది.

అంతలో చిక్కం గెడలు భుజాన వేసుకుని కాయలు కోసేవాళ్లు ఎనిమిది మంది అటే తోటకి వెళ్తూ ఆగారు.

"కార్లో ఉంది మంగమ్మత్తేనా?"

"నేనేరా. తోటకి బయల్దేరాను."

ఇంకేమీ అడగలేదు వాళ్లు. గెడలు కారు టాపు మీద కట్టి తలో చెయ్యీ వేశారు. నేనూ వేశాను. వీరయ్య స్టీరింగు పట్టుకున్నాడు. మిగిలింది రెండు మైళ్లే గానీ దారంతా ఎగుడు.

"చెట్లు పరిగెత్తట్లేదేంట్రా?"

"నడుస్తున్నాయిగా అమ్మా."

"సర్లే, నడవనీ. అవీ ముసలివేగా."

కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి, ఏ చెట్టు కాయ పులుపో, ఏ చెట్టు కింద వీరయ్యని ఉయ్యాల వేసి పడుకోబెట్టేదో చెబుతూనే ఉంది. తోస్తున్నవాళ్లు రొప్పుతూ ఊఁ కొట్టారు. తోట దగ్గర దిగాక నా చెయ్యి పట్టుకుంది.

"ఈసారి ఇంజనుతో తిప్పిస్తావా నాయనా?"

"పదిహేను రోజుల్లో, మామ్మా. నాదీ పూచీ."

ఇంజను బెజవాడ వెళ్లింది. సిలిండర్ల మీది మూత, అదే హెడ్డు, పగిలిందన్నారు. అలాంటిది మద్రాసులో దొరుకుతుందేమో చూస్తామన్నారు. ఆ కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు నాకు కంఠతా వచ్చు. దాని హెడ్డు ఎక్కడ దొరుకుతుందో మాత్రం తెలియదు. పదిహేను రోజులు రెండు నెలలయ్యాయి. ఇంజను బాగై కారు ఇంటికొచ్చేసరికి మామ్మ పోయి మూడు వారాలైంది.

వీరయ్య ఎదట నిలబడడానికి నాకు ఇంకో వారం పట్టింది.

"నన్ను తిట్టు బాబాయ్. మామ్మ మళ్లీ కారెక్కకుండానే పోయింది. నా మూలంగానే."

అతను స్టీరింగు తుడవడం ఆపలేదు.

"ఇంజను బాగుంటే ఆ రెండు మైళ్లూ అయిదు నిమిషాలండి, అబ్బాయిగారూ. మీ పుణ్యమాని మా అమ్మ రెండు గంటలు కూర్చుంది."

అందులో వెటకారం లేదు. ఉంటే తట్టుకునేవాణ్ణి. అందరూ చూస్తుండగా మా కొట్టు మెట్ల మీద కూలబడి ఏడ్చాను.

కాబట్టి యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయునదేమనగా: నా కంఠంలో ప్రాణముండగా ఆవపిండిని జాడీలో తప్ప మరెక్కడా వెయ్యను. ఏ దేశపు ఇంజను గురించీ ఎవరికీ సలహా చెప్పను. దారిలో ఎవరి కారైనా ఆగిపోతే బానెట్ వైపు కన్నెత్తి చూడను. నోరు మూసుకుని, వెనక్కి వెళ్లి తోస్తాను.