మూడో బిందె

దెయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. బెళుగుప్ప దగ్గర ఒక పల్లెలో బడిపంతులుగా ఉన్నప్పుడు, చింతమాను మీద దెయ్యముందని పిల్లలు భయపడితే ఆ మాను కిందే కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించినవాణ్ణి. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు చెప్తాను.

అరవైల మొదట్లో మా వైపు వరసగా రెండేళ్లు వానల్లేవు. ఆ రెండో ఏడే మా నాయనకు కడుపులో గడ్డ లేచింది. గుంతకల్లు ఆసుపత్రిలో ఆపరేషన్ చేస్తామన్నారు. నేను వారం ముందే స్టేషన్ దగ్గరున్న ఒక లాడ్జికి కార్డు రాశాను. నాయన, అమ్మ, నేను, ముగ్గురం వస్తున్నాం, కిటికీ ఉన్న గది ఉంచమని. ఉంచుతామని జవాబు కూడా వచ్చింది.

రైలు దిగగానే నాయనను జట్కాలో నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయాం. అప్పటికప్పుడే చేర్చుకున్నారు. తర్వాత అమ్మతో లాడ్జికి పోతే, మా గది ఎవరో శనక్కాయల వ్యాపారికి ఇచ్చేశారు. జవాబు కార్డు తీసి చూపించాను. మేనేజరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కార్డు మంచిదేప్పా. గదే లేదు" అన్నాడు.

చివరికి వెనకవైపు ఒక గది ఇచ్చాడు. కిటికీ లేదు, గొళ్లెం పడదు, పక్కనే పాయఖానా. మంచం నిండా నల్లులు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది, వీధి వినేట్టు నోరు చేసుకున్నాను. అమ్మే నా చొక్కా పట్టి లోపలికి లాగింది.

గది కంటే నీళ్లు పెద్ద బాధ. లాడ్జి బావి ఎండిపోయింది. ఎక్కడినుంచో బండి మీద తెచ్చి, మనిషికొక బిందె చొప్పున పొద్దున గది ముందు పెట్టేవాళ్లు. నాయన వాంతుల గుడ్డలు ఉతకడానికి అమ్మకు రెండు బిందెలు చాలవు. అందుకని రిజిస్టరులో నాయన పేరు కూడా రాశాను. అబద్ధమాడొద్దని పిల్లలకు చెప్పే పంతులును మరి! మేనేజరు ఆ పేరు కొట్టేశాడు.

"మనిషిని చూపియప్పా, బిందె పెట్టిస్తా" అన్నాడు.

రెండోరోజు ఆపరేషన్ అయింది. చెప్పేదాకా చుక్క నీళ్లు కూడా పొయ్యొద్దని డాక్టరు గట్టిగా చెప్పారు. తడిగుడ్డతో పెదాలు తుడవడమే. మూడోరోజు పొద్దున నాయన నా చెయ్యి పట్టుకుని, "ఒక్క గుక్క నీళ్లు పొయ్యరా" అన్నాడు. నన్ను ఎన్నడూ ఏదీ అడగని మనిషి. మా సీమలో పగవాడడిగినా నీళ్లు లేవనరు. నేను పొయ్యలేదు. మళ్లీ అడిగాడు. "రేపు తాగుదువులే నాయనా" అన్నాను. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

నాకు అక్కడ ఉండబుద్ధి కాలేదు. అమ్మను ఆయన దగ్గర కూర్చోబెట్టి, ఉతికిన గుడ్డలు తెద్దామని లాడ్జికి పోయాను. ఎండ బాగా ఎక్కింది.

గది ముందు మూడు బిందెలున్నాయి.

మేనేజరు మనసు కరిగిందనుకుని, ఒక మంచి మాట చెబుదామని పోయాను. ఆయన నామీదే విసుక్కున్నాడు. "ఆసుపత్రిలో ఉండాడంటివే మీ నాయన? ఇప్పుడే కదప్పా వచ్చినాడు. ఈడ నిలబడి రెండు చెంబులు తాగి గదిలోకి పోయినాడు. నేనే దగ్గరుండి మూడో బిందె పెట్టిస్తి."

ఎగతాళి చేస్తున్నాడని చొక్కా పట్టుకున్నాను. బిడ్డ మీద ఒట్టేసి చెప్పాడు. ముసలాయన భుజాన నల్ల కంబళి ఉందట. కుడి చెవికి ఒక్కటే పోగట. చెంబు ఇస్తే అందుకోకుండా, ఒంగి దోసిలి పట్టి పోయించుకున్నాడట.

మా నాయన చెంబెత్తి తాగడం నేనెప్పుడూ చూడలేదు. ఎడమ చెవి పోగు ఆ ఏడే విత్తనాల కోసం అమ్మేశాడు. ఈ మేనేజరు ఆయన్ను ఒక్కసారి కూడా చూసినవాడు కాదు. గదిలోకి పోయి చూశాను. ఎవరూ లేరు.

ఆసుపత్రికి పరుగెత్తాను. మంచం పక్కన అమ్మ నేలమీద కూర్చుని ఉంది. నాయన మొహం మీద దుప్పటి కప్పేసి ఉంది. నేను పోయిన కాసేపటికే ప్రాణం పోయిందని, చివరిదాకా నీళ్లు నీళ్లనే అన్నాడని చెప్పింది.

నాయనను ఆ ఊళ్లోనే మట్టి చేశాం. వేరే ముసలాయన ఎవరైనా వచ్చిపోయాడేమోనని మర్నాడు ఆ వీధంతా అడిగాను. అట్లాంటి మనిషిని ఎవరూ చూడలేదు.

ఊరికి పోయేటప్పుడు రైల్లో అమ్మకు సంగతి చెప్పాను. కిటికీలోంచి బీళ్లు చూస్తూనే వింది. తర్వాత ఒక్కటే అడిగింది. "కడుపునిండా తాగినాడంటనా?"

రెండు చెంబులట, అన్నాను. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని తలూపింది.

ఆ పొద్దు ఆ లాడ్జిలో తాగిందెవరో, అదెట్లా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవడో ముక్కూ మొహం తెలియని మేనేజరు పోశాడు. కన్నకొడుకునయ్యుండి నేను పొయ్యలేదు.