పేరు తెలియని గుండు మిరప

దుర్గాపూజ సెలవులు అయిపోయాక మా రైల్వే క్వార్టర్ల ఆడవాళ్ళం విత్తనాలు పంచుకుంటాం. ఎవరింట్లో మిగిలినవి వాళ్ళు పేపరు ముక్కలో పొట్లం కట్టి తెచ్చి మా వరండాలో పెట్టిన చాటలో వేస్తారు. కావలసినవాళ్ళు కావలసింది తీసుకుపోతారు. కిందటేడు అలా అందరూ వెళ్ళిపోయాక చాటలో ఒక పొట్లం మిగిలింది. విప్పి చూస్తే మిరప గింజల్లా ఉన్నాయి. ఎవరినడిగినా మాది కాదన్నారు. క్యాప్సికం అయ్యుంటుందని మా ఆయన తేల్చేస్తే, పెరట్లో కుళాయి పక్కన చల్లాను.

నేను ఇక్కడి వర్క్‌షాప్ ఆఫీసులో క్లర్కుని. మా మామగారు కూడా ఇదే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేశారు. శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి కొత్త పెళ్ళికూతురిగా ఖరగ్‌పూర్ వచ్చిన మా అత్త, ఆ తర్వాత జీవితమంతా ఇక్కడే గడిపింది. అయినా ఇంట్లో ఏ మొక్క మొలిచినా అది తన పుట్టింటి ఊళ్ళో ఎలా ఉండేదో చెప్పాకే దానికి నీళ్ళు పోయనిస్తుంది.

చలి తగ్గుతుండగా మొక్కలు కాపుకొచ్చాయి. కాయలు ఉసిరికాయల్లా గుండ్రంగా ఉన్నాయి. పండాక నిగనిగలాడే ఎరుపు తిరిగాయి. గోడవతల ఉండే బెంగాలీ దీదీ వాటిని చూసి టమాటాలంది. ఆకు మాత్రం మిరపాకే. మా ఆయన తన క్యాప్సికం మాట మీద నిలబడి ఒక పండు సగానికి కొరికారు. ఒక్క క్షణం మా అందరి వంకా చూశారు. లేచి, ఫ్రిజ్ తెరిచి, గిన్నెడు పెరుగూ నిలబడే తాగేశారు. రాత్రి భోజనాల దాకా ఎక్కిళ్ళు తగ్గలేదు.

మా అత్త మిగిలిన సగంలోంచి గోరంత ముక్క గిల్లి నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు తుడుచుకుంటూ, "ఇది మా కన్నోరింటి మిరపే. మా మామ్మ కళ్ళం గట్టున యేసేది. నాకు తెలీదేటి?" అంది.

దీదీ ఊరుకోలేదు. ఆమె పెద్దవాళ్ళు ఇప్పటి బంగ్లాదేశ్‌లోని బరిశాల్ నుంచి వచ్చినవాళ్ళు. టమాటా మాట వదిలేసి, ఇది తన అమ్మమ్మ చెప్పే బరిశాల్ మిరప అని వాదించింది. వారం రోజులు గోడకి అటూ ఇటూ ఆ మామ్మ, ఈ అమ్మమ్మల తరఫున వాదన నడిచింది. నేను మా అత్త తమ్ముడికి ఫోన్ చేసి ఫొటో పంపాను. అలాంటి కాయ మా ఊళ్ళో ఎప్పుడూ చూడలేదన్నాడాయన. ఆ మాట అత్తకి చెబితే, అప్పటికి వాడు చంటోడని కొట్టిపారేసింది. మొక్కలు పెంచేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడితే తలా ఒక పేరు చెప్పారు. అందానికి పెంచే మొక్క, కోసుకు తినకండి అని ఒకాయన హెచ్చరించాడు కూడా. గోల్‌బజార్‌లో నేను ఎప్పుడూ కూరలు కొనే బెంగాలీ దాదా కాయని వేళ్ళ మధ్య తిప్పి చూసి, ఇది మా బజారుకి రాదని తిరిగిచ్చేశాడు.

పేరు తెలియకపోయినా కాపు ఆగలేదు. అత్త పండినవాటిని ఉప్పు, నిమ్మరసంలో వేసి సీసాకెత్తింది. ఒక రోజు కొంచెం ఆఫీసుకి పట్టుకెళ్ళాను. కాన్పు సెలవు ముగించుకుని అప్పుడే డ్యూటీలో చేరిన ఒక నేపాలీ అమ్మాయి నా పక్కన కూర్చుని తింటోంది. నేను మూత తీయగానే ఆమె చేతిలో రొట్టె ఆగిపోయింది.

"దీదీ, మీకు డల్లే ఎక్కడిది?" అంది హిందీలో.

డల్లే అంటే వాళ్ళ భాషలో గుండ్రనిదట. డార్జిలింగ్ కొండల వైపు పండే మిరప. వాళ్ళ నాన్న ఇక్కడికి దగ్గర్లోని సాలువా పోలీస్ క్యాంపులో పనిచేసి రిటైరై అక్కడే ఇల్లు కట్టుకున్నాడు. వాళ్ళమ్మ ఆ కొండల్లోని కాలింపాంగ్ వెళ్ళినప్పుడల్లా గింజలు తెచ్చి కుండీల్లో పెంచుతుందట.

ఈ సంగతి ఇంట్లో చెబితే అత్త నమ్మలేదు, దీదీ అసలే నమ్మలేదు. ఇద్దరూ తమ కళ్ళతో చూస్తామన్నారు. ఆదివారం ముగ్గురం ఆటోలో సాలువా వెళ్ళాం. ఆ ఇంటి ముందు వరసగా కుండీలు, కుండీల నిండా మా పెరటి కాయలే. ఆ అమ్మాయి మేం తెచ్చిన కాయ ఒకటి, వాళ్ళది ఒకటి కోసి పళ్ళెంలో పెట్టింది. రెండింటికీ దళసరి కండ, రెండింటికీ పండిన పండు వాసన. దీదీ రెండూ వాసన చూసి బరిశాల్ కేసు వదిలేసుకుంది. అత్త ఇంకా ఆలోచిస్తోంది.

ఆ అమ్మాయి తల్లి మాత్రం కాయల్ని చూడటం లేదు. మా అత్త ముక్కుకి రెండు వైపులా ఉన్న పుడకల్నే చూస్తోంది. కూతురితో నేపాలీలో ఏదో చెప్పి నవ్వడం మొదలుపెట్టింది.

"దీదీ, ఈ గింజలు మీ అత్తగారికి మా అమ్మే ఇచ్చిందట," అంది అమ్మాయి నాతో.

పూజకి ముందు రైల్వే ఆసుపత్రిలో కంటి డాక్టరు కోసం ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారట. ఇక్కడి మిరపకాయల్లో కారమే లేదని మా అత్త అంటే, ఆమె సంచిలోంచి పొట్లం తీసి చేతిలో పెట్టిందట. నేను అత్త వైపు తిరిగాను. ఆమె చూపు కుండీల మీదికి తిప్పుకుంది.

"కంట్లో మందేసినారు కదా, కళ్ళు మూసుకుని ఉన్నాను. ఎవులో సేతిలో ఏదో ఎట్టినారు. పెసాదం అనుకున్నాను."

"పెసాదాన్ని చాటలో వేశావేటత్తా?"

"ఇంటికొచ్చి ఇప్పితే గింజలున్నాయి. మరేటి సెయ్యమంటావు?"

దీదీకి తెలుగు అంతగా రాదు, కానీ సంగతి అర్థమైంది. నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. అత్త కూడా పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ ఇంటావిడ మమ్మల్ని అన్నం తినకుండా కదలనివ్వలేదు. అన్నం, పప్పు, ఆవనూనెలో ఊరిన డల్లే. మా అత్త మారు అన్నం వడ్డించుకుంది.

ఇంటికొచ్చాక మా ఆయన, మీ మామ్మ కళ్ళం గట్టున వేసిందేమిటి మరి అని అడిగారు. అది వేరే మిరప అంది అత్త, ఏమాత్రం తడుముకోకుండా.

ఆ తర్వాత అత్త సాలువా ఆవిడకి గోంగూర గింజలు పంపింది. ఇప్పుడు వారానికోసారైనా ఆ ఇద్దరూ ఫోన్‌లో మాట్లాడుకుంటారు. మా అత్త హిందీ సగం తెలుగు, ఆమె హిందీ సగం నేపాలీ. మొన్న గోంగూర మొలిచిందని ఆమె చెబితే, పచ్చడి ఎలా చేయాలో అత్త అరగంట వివరించింది. నువ్వులనూనె వెయ్యాలని ఈవిడ, ఆవనూనె చాలని ఆవిడ. ఎవరూ వెనక్కి తగ్గలేదు. చివరికి ఆదివారం ఎవరి నూనెతో వాళ్ళు చేసి చూపించుకుందామని ఒప్పందానికొచ్చారు. ఆటో మాట్లాడమని నాకు చెప్పి, అత్త నువ్వులనూనె తీసుకెళ్ళే సీసా కడగడానికి లేచింది.