చింపెయ్యాల్సిన కార్డు

చావు కార్డు ఇంట్లో ఉంచకూడదు. చదివిన వెంటనే చింపి, గుమ్మం బయటే పడేసి, కాళ్లు కడుక్కుని లోపలికి రావాలి. ఖరగ్‌పూర్‌లో మా తెలుగు రైల్వే ఇళ్లన్నిటిదీ ఇదే పద్ధతి. మా మేనత్త ఏ ఏడు పోయిందో కనుక్కోవడానికి నేను పడ్డ పాట్లన్నీ ఈ పద్ధతి వల్లే.

మా వంశవృక్షం రాస్తున్నాను. శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చిన ముత్తాత దగ్గర మొదలుపెట్టి, ఒక్కో పేరు పక్కన పుట్టిన ఏడు, ఒక గీత, పోయిన ఏడు. అందరివీ దొరికాయి, నాన్న అక్కది తప్ప. ఆవిడ ఒక బెంగాలీ రైలు గార్డుని పెళ్లి చేసుకుంది. ఆ తర్వాత మా ఇంట్లో ఆవిడ పేరు ఎవరూ ఎత్తలేదు. చచ్చినవాళ్ల కళ్లు చారెడంటారు. మా అత్తకి ఆపాటి పొగడ్త కూడా దక్కలేదు.

కానీ నేను ఆవిడని చూశాను. రెండో తరగతిలో ఉండగా అమ్మ కూరగాయల వంకతో నన్ను ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో వాళ్ల క్వార్టర్‌కి తీసుకెళ్లేది. అత్త నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి రెండు జడలు వేసేది. కళ్లలో నీళ్లు తిరిగేలా బిగించేది. బెంగాలీ ముత్తయిదువల్లా చేతికి వేసుకున్న శంఖం గాజు మెడకి చల్లగా తగిలేది. తిరిగొచ్చే దారిలో అమ్మ ఆ జడలు విప్పి, తను రోజూ వేసినట్టు మళ్లీ వేసేది. "ఇంట్లో సెప్పకేం" అనేది. కొన్నాళ్లకి వాళ్లకి బదిలీ అయింది. అంతే, మళ్లీ చూడలేదు.

అమ్మా నాన్నా ఇప్పుడు లేరు. ఆ తరంలో మిగిలింది పెదనాన్న ఒక్కడే. వర్క్‌షాపులో రిటైరై, ఓల్డ్ సెటిల్‌మెంట్ కాలనీలో కొడుకు క్వార్టర్‌లో ఉంటున్నాడు. వెళ్లి అడిగాను.

"పోయింది. కార్డు కూడా ఏయించినాం. ఇంకేటి కావాల?"

"ఏ ఏడు పెదనాన్నా?"

"గుర్తు నేదు. దాని పేరు రాయకపోతే నీ చెట్టు కూలిపోద్దేటి?"

ఒళ్లు మండింది. నాది ఉడుంపట్టని మా ఆయన ఊరికే అనడు. మర్నాటి నుంచి తెలిసిన పాత ఇళ్లన్నీ తిరిగాను. ఎవరిని అడిగినా ఒకటే జవాబు: "వచ్చే ఉంటాది. సింపేసుంటాం."

మరి చింపనివాళ్లు ఎవరుంటారు? అచ్చు వేసినవాళ్లు! ఈ సంగతి మలంచా రోడ్డులో నిలబడి ఉండగా తట్టింది. ఇంటికి పోవాల్సినదాన్ని గోల్‌బజార్ ఆటో ఎక్కేశాను.

మా వాళ్ల కార్డులు వేసే తెలుగు ప్రెస్సు ఒకటుంది అక్కడ. ఇప్పుడు పాత యజమాని కొడుకు నడుపుతున్నాడు. "మా నాన్న ప్రతి పనికీ ఒక కాపీ దాచేవారు దీదీ, తర్వాత ఎవరూ పేచీ పెట్టకుండా" అన్నాడు. పెళ్లికార్డులు లోపల బీరువాలో వరసగా ఉన్నాయి. చావు కార్డులు మాత్రం కొట్టు బయట, మెట్ల కింద, తుప్పు పట్టిన ట్రంకు పెట్టెలో. వాటినీ వీటినీ కలపకూడదట. తాళం తీసిచ్చి ఆయన దూరంగా నిలబడ్డాడు. నేను మెట్టు మీద చతికిలబడి మధ్యాహ్నమంతా మా కాలనీలో పోయినవాళ్లందరినీ తిరగేశాను.

దొరికింది. అత్త పేరు, పెద్దకర్మకి రమ్మని పిలుపు, కింద దుఃఖిస్తున్నవాళ్లుగా తాత, పెదనాన్న, నాన్న. తేదీ చూశాను. మళ్లీ చూశాను. నేను పుట్టడానికి ముందు ఏడాది.

నేను పుట్టకముందే పోయిన మనిషి నాకు జడలు ఎలా వేసింది?

అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. పెళ్లి చేసుకుందన్న కోపంతో తాత బతికున్న కూతురికి కర్మ చేయించి, ఇల్లిల్లూ కార్డులు పంచాడు. చింపేశాం అన్నవాళ్లలో కొందరికి ఇది తెలిసే ఉంటుంది. చింపేశాం అంటే ఇక వేరే ఏం చెప్పక్కర్లేదు కదా. ముందు నవ్వొచ్చింది. కింద నాన్న పేరు కూడా ఉన్నందుకు ఏడుపొచ్చింది. అమ్మ కూరగాయల సంచి గుర్తొచ్చింది.

కార్డు అడిగి తీసుకుని, తిన్నగా పెదనాన్న ఇంటి లోపలికి వెళ్లి ఆయన మంచం మీద పెట్టాను.

"ఓలమ్మ, ఇంట్లోకి తెచ్చినావేటే! అవతల పారెయ్!"

"సదువు పెదనాన్నా. నిజంగా సచ్చినోళ్ల కార్డయితే కదా మైల."

ఆయన కార్డు తగలకుండా మంచం అంచుకి జరిగాడు. "అయ్య సెప్పినాడు, సేసినాం" అన్నాడు చివరికి. "అచ్చులో ఉన్నాది కదా, ఆ ఏడే రాసీ. నలుగురికీ తెలిసింది అదే."

"రాయను."

"మరెప్పుడు పోయిందో నీకు తెలుసేటి?"

"తెల్దు. ఉందో లేదో కూడా తెల్దు."

కాగితం తీసి ఆయన ముందే అత్త పేరు రాశాను. పక్కనే ఆ గార్డు మామయ్య పేరు రాశాను. అత్త పుట్టిన ఏడు రాసి, గీత గీసి, గీత తర్వాత ఖాళీ వదిలేశాను. ఆ కాగితంలో అలా ఖాళీ ఉన్నది బతికున్నవాళ్లకే: పెదనాన్నకి, మా తరానికి, పిల్లలకి.

పెదనాన్న కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు. "సూసినోళ్లు బతికుందనుకుంటారే."

"అనుకోనీ. బతికున్నప్పుడు సంపీసినారు. ఇప్పుడైనా బతకనీ పెదనాన్నా."