మధ్యదాకా కలపమన్న టీచరమ్మ

మంగళవారం పొద్దున్న బట్టల కొట్టు షట్టరు ఎత్తుతుంటే ఫోనొచ్చింది. పక్కింటి టీచరమ్మ చెల్లెలి కూతురు. "బాబాయ్, పెద్దమ్మ పోనాది" అంది. నరసన్నపేట బజారు ఎప్పటిలాగే హారన్లతో హోరెత్తుతోంది. ఇంటికెళ్ళి ఈ మాట నా భార్యకు చెప్పాలి. ఎలా చెప్పాలో తోచక, సగం ఎత్తిన షట్టరు మళ్ళీ దించి తాళం వేశాను.

టీచరమ్మ ఆడపిల్లల హైస్కూల్లో హోం సైన్సు చెప్పి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. ఇరవై ఏళ్ళు మా రెండిళ్ళకీ ఒకటే గోడ, అయినా మా మధ్య నడిచింది పలకరింపులే. మూడేళ్ళ కిందట నా భార్యకి పక్షవాతం వచ్చి, కుడిచెయ్యీ కుడికాలూ పడిపోయి, మాట కూడా పోయాకే ఆవిడ మా ఇంటి మనిషైంది.

నాకు బట్టలు కొలవడం తప్ప ఇంకో పని రాదు. పొయ్యి మీద పాలు మరిచిపోయి రెండుసార్లు గిన్నె మాడ్చాను. ఇంకోసారి మసిగుడ్డ అంటుకుంది. ఆ సంగతి విని మా అమ్మాయి విశాఖపట్నం నుంచి మైక్రోవేవ్ ఓవెన్ తెచ్చి, "నొక్కితే చాలు నాన్నా" అని చూపించి, సెలవు లేదని సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయింది.

నొక్కితే చాలనే అనుకున్నాను. మర్నాడు స్టీలు గ్లాసుతో పాలు పెట్టాను. లోపల చిటపటమని నిప్పురవ్వలు! గదిలోంచి నా భార్య మాట కాని కేక ఒకటి పెట్టింది. నేను కంగారుగా ఓవెన్ తలుపు మీద చెయ్యి వేసేసరికి, ఆ కేక విని టీచరమ్మ పరిగెత్తుకొచ్చింది.

"తలుపు తియ్యకు! ముందు ఆపు, ప్లగ్గు పీకీ!"

పీకాను. రవ్వలు ఆగాయి. "ఏటి తమ్ముడూ, స్టీలు దీన్లో పెడతారేటి? అంచుకి బంగారు గీత ఉన్న కప్పు కూడా పెట్టకూడదు. హోటలు ప్లాస్టిక్ డబ్బాలైతే మరీని" అంది. ఇంటికెళ్ళి, ఓవెన్‌కి పనికొస్తుందని అడుగున రాసి ఉన్న గాజుగిన్నెలు రెండు మూతలతో సహా తెచ్చిచ్చింది.

ఇక నాకన్నీ తెలిసిపోయాయనుకున్నాను. వారం తిరక్కుండానే జరిగినదాన్ని ఇప్పటికీ మరిచిపోలేను. నా భార్యకి చోడిజావ, అదే రాగిజావ, వేడి చేశాను. మధ్యలో చెంచా పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంది. అంచునుంచి తీసి నోట్లో పెట్టాను. ఆమె కళ్ళలోంచి నీళ్ళు కారాయి. ఏదో గుర్తొచ్చి ఏడుస్తోందనుకుని, తుడిచి, ఇంకో చెంచా పెట్టాను. మూడో చెంచాకి ఎడంచేత్తో నా మణికట్టు పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కింది. అప్పుడు చూశాను నాలుక. బొబ్బ లేచిపోయింది. కాలుతోందని చెప్పడానికి ఆమెకి నోరు లేదు, కనిపెట్టడానికి నాకు బుద్ధి లేకపోయింది.

ఆ సాయంత్రం వచ్చి నాలుక చూసిన టీచరమ్మ నన్ను తిట్టలేదు. గిన్నెలో జావ పోసి పాఠం మొదలుపెట్టింది.

"ఇది పొయ్యి కాదు. అంచులు ముందు కాలిపోతాయి, నడిమధ్య సల్లగా ఉండిపోతాది. అందుకని సగంలో ఆపి మధ్యదాకా కలపాల. మళ్ళీ పెట్టాల. గంట కొట్టినాదని ఎంటనే తీసీకు. లోపల ఇంకా ఉడుకుతాది, రెండు నిమిషాలుండనీ. అప్పుడు మళ్ళీ కలిపి, ముందు నువ్వు రుచి సూడు."

అప్పటినుంచి రోజూ ఏడింటికి వచ్చేది. పరీక్ష హాల్లో తిరిగినట్టు చేతులు వెనక్కి కట్టుకుని నా వెనక నిలబడేది. ఇడ్లీలు పళ్ళెం మధ్యలో పెడితే ఊరుకునేది కాదు, చుట్టూ అంచున పేర్పించి మధ్య ఖాళీగా ఉంచమనేది. వంకాయకి పుల్లతో చిల్లులు పెట్టందే లోపల పెట్టనిచ్చేది కాదు. గుడ్డు పెంకుతో పెడదామని ఒకసారి తీశానో లేదో, "ఒరే, అది పేలిపోతాది!" అని చేతిలోంచి లాక్కుంది. మూత తీసేటప్పుడు ఆవిరి ముఖానికి కొట్టకుండా అవతలి అంచు ముందు ఎత్తమనేది. ఫ్రిజ్‌లో అన్నమైతే నీళ్ళు చిలకరించి, అంతా పొగలు కక్కేదాకా వేడి చెయ్యాలి, ఒక్కసారే. మిగిలితే పారెయ్యాలి. "పారబొయ్యడానికి మనసు రాదు, నాకు తెలుసు. కానీ మంచం మీదున్న మనిషి కడుపుతో పందెం కట్టకు తమ్ముడూ" అనేది.

ఆరు నెలల్లో నా చేతి జావ, పప్పు, మెత్తటి కూర నా భార్య తృప్తిగా తినసాగింది. ఆమె గిన్నె ఖాళీ చేసిన రోజు టీచరమ్మ అందులోకి ఒకసారి తొంగి చూసేది. చీర కొంగు సర్దుకుని వెళ్ళిపోయేది.

మొన్నటి శీతాకాలంలో ఆవిడ రావడం తగ్గింది. గోడ దగ్గరకెళ్ళి పిలిస్తే, "ఆకలి సచ్చిపోనాది" అని నవ్వింది. చెల్లెలి కూతురు బలవంతంగా విశాఖపట్నం తీసుకెళ్ళి చూపిస్తే, కడుపులో రాచపుండు ముదిరిపోయిందన్నారు. ఎప్పటినుంచో నొప్పి ఉందట. రోజూ మా వంటింట్లో నిలబడిన మనిషి, ఒక్కనాడూ నాతో అనలేదు. నేనూ ఒక్కనాడూ అడగలేదు.

అప్పటినుంచి రెండు గిన్నెలు పెట్టేవాణ్ణి, ఒకటి ఇంట్లోకి, ఒకటి గోడవతలికి. సగంలో ఆపి కలిపేవాణ్ణి. రెండు నిమిషాలు ఉంచేవాణ్ణి. రుచి చూసేవాణ్ణి. పట్టుకెళితే ఆవిడ చెంచాతో అడుగునుంచి కలిపి చూసి, "సమంగా కాగింది" అనేది. ఒక చెంచా మింగేది. రెండోది లోపలికి పోయేది కాదు.

"ఇంకొక్కటి అక్కా" అన్నాను ఒకరోజు.

"బాగా సేసినావు తమ్ముడూ. తప్పు నీది కాదు."

లోపం జావలో లేదని, ఇక ఏదీ తన గొంతు దిగదని చెబుతోందని అప్పుడే అర్థమైంది. చెంచా గిన్నెలో పెట్టి మూత వేశాను. మింగించే ఉపాయం ఆవిడ నాకు నేర్పలేదు. ఆవిడకీ తెలీదు. ఐదు రోజుల తర్వాత శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కారెక్కేటప్పుడు, "దానికి జావ సల్లారిపోతాది, నువ్వు ఎళ్ళు" అని నన్ను నా భార్య దగ్గరికి పంపించేసింది.

ఫోనొచ్చిన ఆ మంగళవారం ఇంటికొచ్చి నా భార్య పక్కన కూర్చున్నాను. "అక్క పోయింది" అన్నాను. ఆమె ఏడవలేదు. బయటికి తీసుకెళ్ళమన్నట్టు గుమ్మం వైపు చూపించింది. మధ్యాహ్నం శవాన్ని తెచ్చి గంటలోనే బయల్దేరదీశారు. నా భార్యని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి వీధి గేటు దగ్గరికి తోసుకెళ్ళి ఆపాను. పాడె మా ముందునుంచి వెళుతుంటే నా భార్య దండం పెట్టబోయింది. కుడిచెయ్యి ఒళ్ళోంచి లేవలేదు. ఎడంచెయ్యి ఒక్కటే ఎత్తి గుండె దగ్గర నిలిపింది. పాడె సందు మలుపు తిరిగింది. డప్పుల చప్పుడు దూరమై, ఆగిపోయింది. వీధిలో జనం లోపలికెళ్ళిపోయారు. ఆ ఒక్క అరచెయ్యి అలాగే గాలిలో ఉంది.