నేను చూడని జెర్జిన్స్క్

మా చిన్నప్పుడు మామయ్య నాకొక ఊరు ఇస్తానన్నాడు...

మాది బొగ్గుబావుల కాలనీ. అమ్మ తమ్ముడు అక్కడ యూనియన్ నాయకుడు. కార్మిక బృందంతో సోవియట్ యూనియన్ వెళ్లి, ఉక్రెయిన్‌లో జెర్జిన్స్క్ అనే చిన్న గనుల పట్నం చూసొచ్చాడు. "మన దగ్గర బొగ్గు పొర పడుకుని ఉంటుందిరా, అక్కడ గోడలా నిలబడి ఉంటుంది. ఇంటర్ గట్టెక్కు, అక్కడ మైనింగ్ చదవడానికి నిన్నే పంపిస్తా" అన్నాడు.

ఇంకేముంది... లైబ్రరీలో అట్లాసు, రష్యన్ పుస్తకాలు ఏవీ వదల్లేదు. ఆ ఊరి చుట్టూ గడ్డిమైదానం, ఊళ్లోనే బావులు. బావుల్లోంచి తీసిన పనికిరాని రాయి గుట్టలై, దూరానికి కొండల్లా కనిపిస్తుంది. జార్ చక్రవర్తుల కాలంలో దాని పేరు షెర్బినోవ్కా. మాస్టారు గోదావరి ఉపనదులు అడిగితే అక్కడి తోరెత్స్ నది గురించి చెప్పి దెబ్బలు తిన్నాను.

ఇంటర్ అయింది. యూనియన్‌కి ఒక్క సీటొచ్చింది. మామయ్య తన కొడుకు ప్రసాద్ పేరు ఇచ్చాడు. నాన్న అడిగితే, మావాడికి ఇక్కడెక్కడా సీటు రాదు బావా, మీవాడు తెలివైనవాడు, ఎలాగైనా బతుకుతాడు అన్నాడట.

బతికాను... గని స్టోర్సులో గుమాస్తాగా.

తర్వాత వైటూకే రోజులొచ్చాయి. మా అమ్మాయికీ, ప్రసాద్ కొడుక్కీ సింగపూర్‌లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. పిల్లల్ని చూడ్డానికొచ్చిన నేనూ, ప్రసాదూ అక్కడి టాంపినీస్ పేటలో, ఫ్లాట్ కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో టీ తాగుతూ కూర్చున్నాం. అన్నేళ్లుగా దాచుకున్న ప్రశ్న అప్పుడడిగాను. మంచు కరిగాక ఆ నది ఎలా ఉంటుంది?

"నదా? ఉందా అక్కడ?" అన్నాడు ప్రసాద్. "నేను హాస్టల్ దాటితేగా బావా... చలికి ఏడుస్తూ కూర్చునేవాణ్ణి. వచ్చేస్తానంటే నాన్న రానివ్వలేదు. నువ్వెళ్లాల్సింది."

వాడి మీద కోపం ఆ టీ చల్లారేలోపే పోయింది.

నేను సింగపూర్‌లోనే, అమ్మాయి దగ్గర ఉండిపోయాను. ఆ ఊరు ఇప్పుడు తోరెత్స్క్. చివరికి నది పేరే పెట్టుకుంది... యుద్ధంలో వీధులకు వీధులే నేలమట్టమయ్యాయి. వార్తలు చూస్తూ నేను లేచి నిలబడితే, "వేర్ ఈజ్ దట్, తాతా? నెవర్ హర్డ్ లా" అంటుంది మనవరాలు, ఈ ఊరి యాసలో చివర 'లా' తగిలించి. మా కాలనీలోనూ పాత బావులు మూసేశారు. చదవడానికి ఆ ఊరూ లేదు, తవ్వడానికి మా ఊరూ లేదు...

చూడకుండానే కంఠతా పట్టిన ఊరు మీకూ ఉంటే రాయండి. మిమ్మల్ని అక్కడికి వెళ్లనివ్వని మనిషెవరో కూడా రాయండి, మొహమాటం వద్దు. పోయినవాళ్లని క్షమించాలంటారు... నా వల్ల కాలేదు.

మా మామయ్య పేరు కొండల్రావు.